ఖరీదు – పొదుపు : వ్యాపార వ్యయ విశ్లేషణము

వ్యాపారమునకు ఆయువుపట్టు లాభము. లాభము పెంచుకొనుటకు రెండు మార్గములు కలవు. అమ్మకములను వృద్ధి చేసికొనుట మొదటిది. వ్యయమును అదుపులో ఉంచుకొనుట రెండవది. మొదటి మార్గమును గూర్చి అందరును మాటలాడుదురు. ప్రకటనలు, ప్రతినిధులు, తగ్గింపు ధరలు అన్నియు ఆ మార్గములోనివే. రెండవ మార్గము బీరువాలో కట్టలు కట్టి పెట్టిన బిల్లులలో దాగియుండును. ఆ బిల్లులను చదివి, ధనము ఎందులకు, ఎవరికి, ఎప్పుడు, ఏ వెలకు పోవుచున్నదో తెలిసికొనుటయే వ్యయ విశ్లేషణము. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే గాక, ఏ సంస్థనైనను నడుపు పెద్దలకు కూడ ఉపయోగపడు విషయమగుటచే దీనిని ఇచట సంగ్రహముగా వివరించెదను.

మన లెక్కల భాషను ఒకసారి గమనింపుడు. జమ, ఖర్చు, బాకీ, రశీదు, ఖరీదు – ఈ మాటలు అరబ్బీ, పారసీ భాషలలో పుట్టి, ఉర్దూతోడి సహవాసమువలన తెలుగు అంగడిలోనికి వచ్చి మనవే అయిపోయినవి. వీనిలో 'ఖరీదు' అను మాట ఆలోచింపదగినది. పారసీలోను ఉర్దూలోను 'ఖరీద్' అనగా కొనుట. తెలుగులో 'ఖరీదు చేయుట' అన్నప్పుడు ఆ అర్థము నిలిచియున్నను, వట్టి 'ఖరీదు' అన్నచో మనకు స్ఫురించునది వెల. భాషలో ఇట్టి మార్పు సహజము. వ్యాపారములో మాత్రము కొనుగోలును వెలతో సమానముగా తలచుట నష్టదాయకము. వెల ఒక్కటే చూచువాడు బేరమాడి పది రూపాయలు తగ్గించి, తెలియకుండ నూరు రూపాయలు పోగొట్టుకొనవచ్చును. దీనిని ఒక ఉదాహరణముతో పరిశీలింతము.

ఒక కర్మాగారపు లెక్క

నోటుపుస్తకములు తయారుచేయు ఒక చిన్న కర్మాగారమును ఊహించుకొందము. సంవత్సరమునకు అమ్మకములు 60 లక్షల రూపాయలు. నికరలాభము నూటికి 5 చొప్పున 3 లక్షలు. కొనుగోళ్ల మొత్తము 40 లక్షలు. అది ఈ విధముగా పంచబడినది:

కాగితము – 26 లక్షలు
అట్ట – 5 లక్షలు
రవాణా – 4 లక్షలు
సిరా, జిగురు, కుట్టు తీగ – 2 లక్షల 50 వేలు
యంత్రముల విడిభాగములు – 1 లక్ష 50 వేలు
కార్యాలయపు చిల్లర ఖర్చులు – 1 లక్ష

కొనుగోళ్లలో ఒక లక్ష రూపాయలు మిగిలినచో లాభము 3 లక్షలనుండి 4 లక్షలగును. అనగా మూడవవంతు పెరుగును. అదే లక్షను అమ్మకముల ద్వారా సంపాదింపవలెనన్నచో, లాభశాతము మారనంతవరకు, మరి 20 లక్షల అమ్మకములు జరుగవలెను. అమ్మకములను మూడవవంతు పెంచుట సులభమా, నలుబది లక్షల ఖర్చులో ఒక లక్షను వెదకుట సులభమా? జవాబు విద్యార్థులకే విడిచిపెట్టుచున్నాను.

ఎచ్చట వెదకవలెను?

పొదుపు అనగానే సాధారణముగా యజమాని దృష్టి చిల్లర ఖర్చులపై పడును. టీ, కలములు, కాగితపు క్లిప్పులు తగ్గించవలెనని ఆజ్ఞ వెలువడును. ఆ ఖర్చు నూటికి 20 వంతులు తగ్గినను మిగులునది 20 వేలు మాత్రమే. కాగితములో నూటికి 2 వంతులు తగ్గినచో మిగులునది 52 వేలు. కావున పెద్ద ఖర్చును ముందు చూడవలెను.

ఈ ఆలోచనకు వాణిజ్యశాస్త్రములో 'ఏ బి సి విశ్లేషణ' అని పేరు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫోర్డ్ డికీ 1951లో దీనిని ఒక వ్యాసము ద్వారా ప్రచారములోనికి తెచ్చెను. సంఖ్యలో కొద్దివైనను ధనములో అధికభాగము మ్రింగు వస్తువులు 'ఏ' వర్గము. మధ్యరకము 'బి' వర్గము. సంఖ్యలో అనేకములైనను విలువలో స్వల్పములైనవి 'సి' వర్గము. మన ఉదాహరణములో కాగితము, అట్ట అను రెండే కలిసి 31 లక్షలు. మొత్తములో నూటికి 77 వంతులకు పైమాటే.

అయితే ఈ వర్గీకరణమునకు ఒక పరిమితి కలదు. విడిభాగముల ఖర్చు లక్షన్నర మాత్రమే. కాని పాఠశాలలు తెరచుటకు ముందు పని ముమ్మరముగా సాగు మే నెలలో ఒక చిన్న బేరింగు విరిగి, బదులు దొరకనిచో, యంత్రమంతయు నిలిచిపోవును. పీటర్ క్రాల్జిక్ 1983లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్రాసిన వ్యాసములో ఈ అంశమునే ఎత్తి చూపెను. ఒక వస్తువు లాభముపై ఎంత ప్రభావము చూపును, అది దొరకకపోవు ప్రమాదము ఎంత – ఈ రెండును కలిపి చూడవలెనని ఆయన సిద్ధాంతము. కావున అట్టి విడిభాగములను వెలకు వెరవక ముందుగా తెచ్చి ఉంచుకొనుటయే వివేకము.

బిల్లులను చదువు విధానము

మొదటి పని బిల్లులను ఒక్కచోట చేర్చి పట్టిక వ్రాయుట. తేదీ, వస్తువు, రకము, పరిమాణము, ఒక్కొక్క దాని వెల, అమ్మినవారి పేరు, రవాణా ఖర్చు – ఇన్ని గడులు ఉండవలెను. కంప్యూటరులో చేసినను, గీతల కాగితముపై చేసినను ఫలితము ఒక్కటే. ఇచట ఒక చిక్కు ఎదురగును. ఒకే కాగితము ఒక బిల్లులో రీములలోను, మరొక బిల్లులో కిలోలలోను ఉండును. ఒకే దుకాణము రెండు మూడు పేర్లతో కనబడును. వీనిని ఏకరూపమునకు తేనిదే పోలిక సాధ్యము కాదు. విసుగు పుట్టించు పని ఇదే. విశ్లేషణకు పునాదియు ఇదే.

మన కర్మాగారము సంవత్సరమునకు 40,000 కిలోల కాగితము కొనుచున్నది. సగటు వెల కిలోకు 65 రూపాయలు. పట్టిక పూర్తియైన పిదప మూడు సంగతులు బయటపడినవనుకొందము.

మొదటిది: ఒకే నెలలో, ఒకే రకము కాగితము ఒకసారి 63 రూపాయలకు, మరొకసారి 68 రూపాయలకు కొనబడినది. నెలలు వేరైనచో అది అంగడి హెచ్చుతగ్గు అనుకొనవచ్చును. నెల ఒక్కటే గనుక కారణము వెదకవలెను. కాగితము నిండుకొన్న తరువాత గాని గిడ్డంగి గుమాస్తా కబురు చెప్పుట లేదు. అప్పుడు దొరికినచోట, అడిగిన వెలకు తేవలసి వచ్చుచున్నది. ఇట్లు అత్యవసరముగా కొన్నది 8,000 కిలోలు. కిలోకు 5 రూపాయల చొప్పున అధికవ్యయము 40 వేలు. దీనికి మందు, నిలువ ఇంత మిగిలినప్పుడు కబురు చెప్పవలెనని ఒక హద్దు నిర్ణయించుట.

రెండవది: కత్తిరింపులో నూటికి 6 వంతుల కాగితము వృథా అగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ముడిసరుకులు దొరకని ఇబ్బందిలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు లారెన్స్ మైల్స్ ఒక కొత్త చూపును అలవరచుకొనెను. వస్తువును గాక, అది చేయు పనిని ముందు పరిశీలించి, ఆ పనిని తక్కువ వ్యయముతో నెరవేర్చు మార్గమును వెదకుట ఆయన పద్ధతి. అదియే తరువాత 'విలువ విశ్లేషణ' అను శాస్త్రమైనది. ఆ చూపుతో ఆలోచించి, పుస్తకపు కొలతకు సరిపడు షీటును ఎన్నుకొన్నచో వృథా 4 వంతులకు తగ్గును. మిగులు కాగితము 800 కిలోలు. విలువ 52 వేలు. ఆ తుక్కును కిలో 15 రూపాయలకు అమ్మగా వచ్చుచుండిన 12 వేలు ఇక రావు గనుక, నిజమైన మిగులు 40 వేలు. పొదుపును ఇట్లు నికరముగా లెక్కింపవలెను గాని, గొప్పకు లెక్కింపరాదు.

మూడవది: బండి ఒకసారి వచ్చిన 2,500 రూపాయలు. సగము సరుకుతో పదునారుసార్లు వచ్చినది. వానిని ఎనిమిది నిండు బండ్లుగా కూర్చినచో 20 వేలు మిగులును.

మూడును కలిపిన సరిగా ఒక లక్ష! ఏ వర్తకుని వద్దను ఒక్క రూపాయి కొరకైనను బేరమాడలేదని గమనింపుడు.

కలిసి కొనుటలోని బలము

చెదరియున్న కొనుగోళ్లను ఏకము చేయుట మరియొక మార్గము. పొరుగున ఉన్న తమిళనాడు రాష్ట్రములో ప్రభుత్వ ఆసుపత్రుల మందులను ఒక్కచోటనుండి కొనుటకై 1994లో తమిళనాడు వైద్యసేవల సంస్థ స్థాపింపబడినది. రాష్ట్రమంతటి అవసరమును కూడి టెండర్లు పిలుచుట, వచ్చిన మందులను ప్రయోగశాలలలో పరీక్షింపించుట దాని విధానము. వెల తగ్గుటతో పాటు నాణ్యతపై అదుపు ఉండుట ఇందలి ముఖ్యాంశము. చిన్న సంస్థలు సయితము రెండు మూడు కలిసి ఇట్లు చేయవచ్చును.

పొదుపు కాని పొదుపు

చిన్న వర్తకుని బిల్లును నెలల తరబడి ఆపి, ఆ సొమ్మును తమవద్ద త్రిప్పుకొనుటను కొందరు నేర్పుగా భావింతురు. ఇది పొదుపు కాదు, పరుల సొమ్ముపై వడ్డీలేని అప్పు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము సూక్ష్మ, చిన్న తరహా సరఫరాదారులకు ఒప్పందము ఉన్నను 45 దినములకు మించి సొమ్ము ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లింపవలెను. చట్టమునకు మించి ధర్మము కలదు. పవిత్ర ఖురానులో కొలతలలో తగ్గించువారి పేరనే 'ముతఫ్ఫిఫీన్' అను ఒక అధ్యాయము కలదు. తాము నిండుగా కొలిపించుకొని పరులకు తక్కువగా కొలిచి ఇచ్చు వైఖరిని అది ఖండించును. కొనువానికిని ఆ హెచ్చరిక వర్తించును. నలిగిపోయిన వర్తకుడు రేపు నాసిరకము సరుకు తెచ్చును, లేదా దుకాణము మూసికొనును. రెండింటను నష్టము మనదే.

తుదిమాట

ఇది కర్మాగారములకే పరిమితమైన శాస్త్రము కాదు. కళాశాలకును ప్రయోగశాల రసాయనములు, కాగితము, బల్లలు, విద్యుద్దీపములు, ముద్రణ మొదలగు కొనుగోళ్లు ఉండును. కమిటీ పెద్దలు అనుమతించినచో, వాణిజ్యశాఖ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో గడచిన మూడు సంవత్సరముల బిల్లులను పట్టిక వేసి నివేదిక సమర్పింపవచ్చును. ఎవరి తప్పును వెదకుటకు గాక, ఏ పద్ధతిని సరిదిద్దవలెనో తెలిసికొనుటకే ఈ పని జరుగవలెను. విద్యార్థికి ఇది గ్రంథములలో దొరకని పాఠమగును. మన వంటి అల్పసంఖ్యాకవర్గ విద్యాసంస్థలో మిగిలిన ప్రతి రూపాయియు ఒక పేద విద్యార్థి ఫీజుగానో, గ్రంథాలయములో ఒక పుస్తకముగానో మారగలదు. ఈ సూచనను పెద్దలు పరిశీలింతురని ఆశించుచున్నాను.