గట్టు నిలిపిన దేశము

పల్లెలలో రెండు పొలముల నడుమ గట్టు ఉండును. చెరువునకు కట్ట ఉండును. గట్టు తెగినచో ఎవరి పొలము మునుగునో, కట్ట తెగినచో ఏ యూరికి ముప్పు వచ్చునో గ్రామ పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఐరోపా ఖండపు వాయవ్య భాగమున ఒక చిన్న దేశము కలదు. గట్లు లేనిచో ఆ దేశములో సగమునకు పైగా నేల సముద్రపు పోటునకో, నదుల వరదకో లోబడిపోవును. అదియే నెదర్లాండ్సు. మన పెద్దలు దానిని హాలండు అనియు, ఆ దేశస్థులను ఒలందావారనియు, డచ్చివారనియు పిలిచెడివారు.

ఒక జాతి చరిత్రను అది నివసించు నేల ఎంతవరకు తీర్చిదిద్దునో తెలిసికొనుటకు ఈ దేశము మంచి ఉదాహరణము. అంతేకాదు. ఒక దేశము తన హద్దులను రెండు విధములుగా పెంచుకొనవచ్చును: పరుల నేలను ఆక్రమించి, లేదా తన నేలను తానే సంపాదించుకొని. డచ్చివారు రెండును చేసిరి. వానిలో ఏది నిలిచినదో, ఏల నిలిచినదో పంచాయతీ సభ్యులు ఆలోచింపదగినది.

నేల స్వభావము

నెదర్లాండ్సు అను మాటకు పల్లపు నేలలని అర్థము. రైను, మ్యూజు, షెల్టు అను మూడు నదులు అచ్చట సముద్రములో కలియుచున్నవి. నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రము పేర్చిన ఇసుక, ఆ రెంటి నడుమ నిలిచిన చిత్తడి కలిసి ఆ దేశములో అధిక భాగమును ఏర్పరచినవి. నీటి భాగముతో కలిపి లెక్కించినను దాని వైశాల్యము సుమారు 41,500 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్ వైశాల్యములో ఇది నాలుగవ వంతు. జనసంఖ్య సుమారు 1 కోటి 80 లక్షలు. నేలలో దాదాపు నాలుగవ వంతు సముద్రమట్టమునకు దిగువన ఉన్నది.

ఈ నేల మొదటినుండియు ఇంత పల్లముగా లేదు. నాచు, గడ్డి, వేళ్లు పూర్తిగా కుళ్లక వేల సంవత్సరములు నీటిలో పేరుకొనుటచే అచ్చట మెత్తని పీటు నేల ఏర్పడినది. సుమారు వేయి సంవత్సరముల క్రిందట రైతులు ఆ చిత్తడిని సేద్యమునకు తెచ్చుటకై కాలువలు త్రవ్వి నీటిని తీసివేసిరి. నీరు పోయిన కొలదియు నేల అణగెను. గాలి తగిలిన పీటు కుళ్లి మరికొంత కుంగెను. ఎత్తుగా ఉండిన పొలములు క్రమముగా నదిమట్టమునకు దిగిపోయినవి. అంతట నదినీరు లోనికి రాకుండ గట్లు వేయవలసి వచ్చెను. లోపలి నీరు తనంతట పోవు దారి లేకపోగా, 15వ శతాబ్ది ఆరంభమునుండి గాలిమరలతో నీటిని ఎత్తి పోయవలసి వచ్చెను. నీరు తోడిన కొలదియు నేల ఇంకను కుంగుచు వచ్చెను. ఒకసారి మొదలుపెట్టిన పిమ్మట మానివేయుటకు వీలులేని పని యిది. ఆ జాతి చరిత్రకు మూలము ఈ పనియే.

రాజ్యముకంటె ముందు పుట్టిన మండలులు

గట్టు ఒక్కరివలన నిలువదు. పది గ్రామముల గట్టులో ఒక గ్రామపు భాగము బలహీనమైనచో పది గ్రామములును మునుగును. కావున రైతులు, గ్రామములు కలిసి నీటి మండలులను ఏర్పరచుకొనిరి. లైడెన్ నగర ప్రాంతమందలి రైన్‌లాండ్ నీటి మండలి ప్రస్తావన 1255వ సంవత్సరపు పత్రములోనే కానవచ్చుచున్నది. డచ్చి రాష్ట్రములు ఏకమై రాజ్యముగా రూపొందుటకు మూడు వందల ఏండ్లకు ముందే నీటి పాలన నెలకొన్నదన్నమాట.

నియమములు కఠినముగా ఉండెడివి. ప్రతి భూస్వామికిని గట్టులో ఇంత భాగమని కేటాయించెడివారు. గట్టు అధిపతి మండలి సభ్యులతో నియమిత కాలములందు గట్టు వెంట నడచి తనిఖీ చేసెడివాడు. తన భాగమును బాగుచేయనివానికి జరిమానా పడెడిది. మరమ్మతు భారమును మోయలేనివాడు తన గట్టుపై పార గ్రుచ్చి పొలము విడిచి పోవలెను. ఆ పారను పెరికినవాడు పొలమును పొందును, దానితోపాటు గట్టు బాధ్యతను వహించును. గట్టు వేయనివాడు నేల విడువవలెనను సామెత వారిలో నేటికిని ఉన్నది.

ఆ మండలులలో అందరికిని సమానమైన హక్కు ఉండెనని తలపరాదు. ఓటు భూమి గలవారిదే. అయినను ప్రభువు ఆజ్ఞకొఱకు ఎదురుచూడక, ఇరుగుపొరుగువారు కూర్చుండి పన్ను వేసికొని, లెక్క చూచుకొని, పని పంచుకొను అలవాటు తరతరములుగా నాటుకొనెను. తరువాతి డచ్చి స్వపరిపాలనకు ఈ అలవాటును ఒక పునాదిగా చరిత్రకారులు పలువురు పేర్కొందురు.

ఏమరపాటునకు శిక్ష కూడ అనుభవించిరి. 1287లో వచ్చిన ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి; సముద్రము దేశ మధ్యమునకు చొచ్చుకొనివచ్చి జూయిడర్ సముద్రము విస్తరించెను. 1421 నవంబరులో నైరుతి ప్రాంతమున గట్లు తెగి అనేక గ్రామములు మునిగెను. ప్రభువర్గముల కలహములలో గట్ల పోషణ కొరవడుట, ఉప్పు కొఱకు గట్ల చెంతనే పీటు త్రవ్వుట ఆ విపత్తునకు తోడ్పడిన కారణములు.

నీరే కోట

1568లో డచ్చివారు స్పెయిను రాజుపై తిరుగబడిరి. కొండలు, కోటలు లేని పల్లపు దేశమునకు నీరే కోట ఆయెను. 1574లో స్పెయిను సేన లైడెన్ నగరమును ముట్టడించగా, డచ్చివారు తమ గట్లను తామే కోసి పొలములను ముంచి, ఆ నీటిపై పడవలు నడపి అక్టోబరు 3న నగరమును విడిపించిరి. రైతుల పొలములే దానికి మూల్యము. 1579లో ఉత్తర రాష్ట్రములు యుట్రెక్ట్ నగరమున ఒడంబడిక చేసికొనెను. 1648లో స్పెయిను వారి స్వాతంత్ర్యమును అంగీకరించెను. 1672లో ఫ్రెంచి రాజు 14వ లూయీ దండెత్తి వచ్చినపుడు సైతము పొలములలోనికి నీరు వదలిరి. ఆ నీరు సైనికులు నడచుటకు లోతు, పెద్ద పడవలు నడచుటకు మెరక అగుటచే శత్రుసేన ఆగిపోయెను.

పరుల నేలపై విస్తరణ

కుంగిన పీటు నేలలో గోధుమ చక్కగా పండదు. గడ్డి పెరుగును. అందుచే డచ్చి రైతులు పశుపోషణకు, వెన్న, జున్నుల తయారీకి మరలిరి. తిండిగింజలను బాల్టిక్ తీరమునుండి ఓడలలో తెప్పించుకొనిరి. చేపలవేట, సరకుల రవాణా పెరిగెను. 1594లో గాలిమరతో మ్రాను కోయు యంత్రము వచ్చుటచే ఓడల నిర్మాణము సులభమాయెను. పల్లపు నేల వారిని ఈ విధముగా సముద్రముపైకి పంపెను.

1602లో డచ్చి తూర్పు ఇండియా కంపెనీ ఏర్పడెను. 1606 నాటికి వారు మన మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. పిమ్మట పులికాటున కోట కట్టిరి. పాలకొల్లు, భీమునిపట్టణములందును స్థావరములు ఏర్పరచిరి. బందరులోని వలందపాలెము పేరు, భీమునిపట్టణమందలి డచ్చి సమాధులు నేటికిని ఆ కాలపు గురుతులు. తెలుగు నేతగాండ్రు నేసిన వస్త్రములను కొని, తూర్పు దీవులకు పంపి, అచ్చట సుగంధద్రవ్యములకు మారకము వేయుట వారి వర్తకము.

వర్తకము త్వరలోనే ఆక్రమణగా మారెను. 1621లో జాజికాయ పండు బాండా దీవులను కంపెనీ సేనలు లోబరచుకొని, దీవివాసులలో అధిక సంఖ్యాకులను చంపి, బానిసలుగా పట్టి, వెడలగొట్టిరి. 1830 తరువాత జావా రైతులు తమ నేలలో కొంత భాగమున కాఫీ, చెరకు, నీలి వంటి పంటలను సర్కారు కొఱకు పండింపవలసి వచ్చెను. ఆ రాబడితో హాలండులో అప్పులు తీరినవి, రైలుదారులు పడినవి. స్వదేశమున గట్టుపై ఇరుగుపొరుగువారిని అడుగక ఏ పనియు చేయనివారు పరదేశమున ఎవరిని అడుగకయే ఏలిరి.

ఆ విస్తరణ నిలువలేదు. 1824వ సంవత్సరపు సంధిచే మన దేశములోని స్థావరములు ఆంగ్లేయుల పరమాయెను. 1945లో ఇండొనీషియా స్వాతంత్ర్యము ప్రకటించెను. 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశముల సమావేశము జరిపి ఆ దేశమునకు అండగా నిలిచెను. నాలుగేండ్ల పోరాటము పిమ్మట 1949 డిసెంబరు 27న డచ్చివారు అధికారము అప్పగించిరి. 1975లో సురినాము స్వతంత్రమాయెను. నేడు సముద్రాంతరమున వారి రాజ్యముతో కూడియున్నవి కరిబియను సముద్రములోని కొలది చిన్న దీవులు మాత్రమే.

స్వశ్రమతో సంపాదించిన నేల

రెండవ విస్తరణ ఇంటిలోనే జరిగెను. 1612 నాటికి ఆమ్‌స్టర్‌డాము వర్తకుల పెట్టుబడితో, నలభైకి పైగా గాలిమరలతో బేమ్‌స్టర్ సరస్సును తోడి 17 వేల ఎకరములకు పైగా పొలము చేసిరి. హార్లెమ్ సరస్సు గాలివానలలో ఒడ్డులను కోసి వ్యాపించుచుండగా, దానిని మూడు ఆవిరి యంత్రములతో 1849 నుండి 1852 వరకు తోడివేసిరి. ఆ సుమారు 45 వేల ఎకరములలో ఒక భాగమున నేడు స్కిపోల్ విమానాశ్రయము ఉన్నది.

1916లో జూయిడర్ సముద్రము పొంగిన పిమ్మట, కొర్నేలిస్ లేలీ అను ఇంజనీరు రూపొందించిన పథకమును 1918లో శాసనము చేసిరి. 1932లో 32 కిలోమీటర్ల అడ్డకట్ట ముగిసెను. సముద్రము మంచినీటి సరస్సుగా మారెను. అందులో 1930, 1942, 1957, 1968 సంవత్సరములలో నాలుగు గొప్ప భూభాగములు తేలినవి. వాని మొత్తము నాలుగు లక్షల ఎకరములకు మించును. తేలిన బురదపై రెల్లువిత్తనమును విమానములతో చల్లి, రెల్లు వేళ్లచే నేల ఆరిన పిమ్మట రైతులకు ఇచ్చిరి. సముద్రము కోయుచుండుటచే 1859లో ఖాళీ చేయబడిన షోక్‌లాండ్ దీవి నేడు పొలముల నడుమ మెరకదిబ్బగా ఉన్నది. 1986లో అచ్చట ఫ్లెవోలాండ్ అను 12వ రాష్ట్రము ఏర్పడెను. ఈ పనివలన వృత్తి కోల్పోయిన జాలరులకు సహాయము చేయుటకై 1925లో ప్రత్యేక శాసనము చేసిరి.

గెలుపు పిమ్మటి మెలకువ

ఇంత చేసినను సముద్రము ఓడిపోలేదు. 1953 జనవరి 31 రాత్రి పెనుగాలితో కూడిన పోటు నైరుతి తీరపు గట్లను తెంచగా 1,836 మంది మరణించిరి. గట్లు ఎత్తు చాలవని ఇంజనీర్లు ముందే చెప్పియుండిరి. ఆనాడు దేశమున రెండువేలకు పైగా నీటి మండలులు ఉండెను. పెక్కింటికి గట్లు పెంచుటకు తగిన ధనము లేదు. పిమ్మట మండలులను క్రమముగా కలిపి బలపరచిరి. నేడు 21 మండలులు ఉన్నవి. వానికి తమ పన్ను తమకు కలదు. నాలుగేండ్లకొకసారి ఎన్నికలు జరుగును. 18 ఏండ్లు నిండిన నివాసులకు ఓటు కలదు. తీర రక్షణకు 1958లో డెల్టా శాసనము చేసి, దశాబ్దములు శ్రమించి, పోటు వచ్చినపుడు మూయుటకు వీలగు తలుపులతో అడ్డకట్టలు నిర్మించిరి.

1995లో నదులు పొంగి సుమారు రెండున్నర లక్షల మందిని తరలింపవలసి వచ్చెను. అప్పుడు వారు మరియొక పాఠము నేర్చిరి. గట్టు ఎత్తు పెంచుచు పోవుట చాలదు, నదికి చోటు విడువవలెను. పలుచోట్ల గట్లను వెనుకకు జరిపిరి. ఒకచోట రైతులే ముందుకు వచ్చి, తమ ఇండ్లను, పశువుల కొట్టములను మెరకదిబ్బలపై కట్టుకొని, వరద వచ్చినపుడు పొలములలోనికి నీరు రానిచ్చుటకు ఒప్పుకొనిరి. కుంగుచున్న పీటు నేల, పెరుగుచున్న సముద్రమట్టము నేటికిని వారిని నిద్రపోనీయుట లేదు.

మనకు గల సంబంధము

మన నేల వేరు, మన వానలు వేరు. ఐనను నీటి ధర్మము ఒక్కటే. తెలంగాణములోని గొలుసుకట్టు చెరువులలో ఎగువ చెరువు అలుగు దిగువ చెరువునకు ప్రాణము. ఎగువ కట్ట తెగుట దిగువ గ్రామమునకు మృత్యువు. కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగుకాలువ అనేక గ్రామములు దాటి సముద్రము చేరవలెను. దిగువ గ్రామమున దానిని పూడ్చినచో ఎగువ గ్రామపు వరి మునుగును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. మన పూర్వులును చెరువుల పోషణకు దశబంధ మాన్యములు ఇచ్చిరి, నీరుకట్టువానిని నియమించిరి. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలులో చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. 1997వ సంవత్సరపు చట్టముచే నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి.

డచ్చివారి యంత్రములు, ధనము మనకు లేవని ఊరకుండనక్కరలేదు. వారికిని 1255లో అవి లేవు. ఉన్నది ఏటేట గట్టు వెంట నడచు అలవాటు. వర్షములు రాకముందే ప్రతి పంచాయతీ సభ్యులును ఒక దినము నిర్ణయించుకొని, నీరుకట్టువానిని, ఎగువ దిగువ గ్రామముల ప్రతినిధులను వెంటబెట్టుకొని, కట్ట, తూము, అలుగు, మురుగుకాలువ నడచి చూడవలెను. ఎచ్చట బొరియ ఉన్నదో, ఎచ్చట ముండ్లకంప పెరిగినదో, ఎచ్చట కాలువ ఆక్రమింపబడినదో పుస్తకమున వ్రాయవలెను. ఎవరు ఎన్నటిలోగా బాగుచేయవలెనో దాని ప్రక్కనే వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలెను. మరుసటి యేడు అదే పుస్తకముతో తిరిగి అదే గట్టు నడువవలెను.