తేట నీళ్లన్నీ మంచివేనా?

నల్లగొండ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి. ఎముకలు వంకర పోతాయి.

గుడ్డతో వడగట్టినా ఫ్లోరైడ్ పోదు. కాచినా పోదు.

మరి ఎలా?

కొన్ని ఫిల్టర్లలో అల్యూమినా గుళికలు పోస్తారు. గుళిక నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటి గోడలకు ఫ్లోరైడ్ అంటుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. ఒక్క గ్రాము గుళికల లోపలి గోడలన్నీ పరిస్తే, సుమారు రెండు గుంటల నేల!

ఆ గోడలు నిండితే ఫ్లోరైడ్ ఇక ఆగదు. నీళ్లు మాత్రం తేటగానే వస్తాయి. అందుకే నీళ్లు పరీక్ష చేయించాలి. గుళికలు మార్పించాలి.

ఆలోచించండి: మీ ఊరి నీళ్లు పరీక్ష చేయించారా?