ముసుగు వెనుక ఉన్నదెవరు? ఆమె మనసులో ఏముంది?

మనిషి ముఖం రెండు విషయాలు తెలియజేస్తుంది. ఆ మనిషి ఎవరన్నది ఒకటి, ఆ సమయంలో అతని మనసు ఎలా ఉందన్నది రెండవది. ముఖం కప్పుకుంటే ఈ రెండూ కొంత మరుగున పడతాయి. నిఖాబ్ వాజిబా, ముస్తహబ్బా అన్న విషయంలో ఉలమాల మధ్య ఉన్న భిన్నాభిప్రాయాల జోలికి ఇక్కడ మేము పోవడం లేదు. ముఖం కప్పుకున్నప్పుడు ఒకరి హక్కు దెబ్బతినకుండా ఏం చేయాలి, ముఖ్యంగా నికాహ్ సమయంలో ఏం చేయాలి అన్నదే ఈ పాఠం.

ముందు గుర్తింపు సంగతి చూద్దాం. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తూ హజ్రత్ ఆయిషా (రజి) సైన్యం నుంచి వెనుకబడిపోయారు. ఉన్నచోటనే కూర్చుని నిద్రలోకి జారుకున్నారు. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను చూడగానే గుర్తుపట్టారు. పరదా ఆదేశం రాకముందు ఆయన ఆమెను చూసి ఉండటమే అందుకు కారణమని ఆమే స్వయంగా చెప్పారు. ఆయన ‘ఇన్నా లిల్లాహ్’ అనడం విని మేల్కొని జిల్బాబ్‌తో ముఖం కప్పుకున్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని బట్టి మనిషిని గుర్తించడానికి ముఖమే మొదటి ఆధారమని తెలుస్తుంది.

ఇక భావాల సంగతి. 2020లో కరోనా వచ్చాక ఆడా మగా, ముస్లిం ముస్లిమేతరుడు అన్న తేడా లేకుండా అందరూ మాస్కు వెనక్కి వెళ్ళారు. ఆ ఏడాదే జర్మనీలోని బాంబెర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్బన్ అనే పరిశోధకుడు 41 మందికి మాస్కు ఉన్న ముఖాలు, లేని ముఖాలు చూపించి వారి భావాలేమిటో చెప్పమన్నారు. మాస్కు ఉన్నప్పుడు చాలామంది అసహ్యాన్ని కోపమనుకున్నారు. సంతోషం, దుఃఖం, కోపం ఉన్న ముఖాలను ఏ భావమూ లేని ముఖాలుగా పొరబడ్డారు. భయాన్ని మాత్రం దాదాపు మునుపటిలాగే గుర్తించారు, ఎందుకంటే అది కళ్ళలోనే కనిపిస్తుంది. నవ్వు, ఏడుపు ఎక్కువగా పెదవుల దగ్గర ఉంటాయి. మాస్కు పెట్టుకుని సలాం చేస్తే ఎదుటివారు ‘ఏమిటి, కోపమా?’ అని అడిగిన అనుభవం మాకూ ఉంది.

మరి ముఖం కనిపించకపోతే మనసును తెలుసుకోలేమా? తెలుసుకోవచ్చు, కానీ శ్రద్ధ కావాలి. దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి)తో, ‘నువ్వు ఎప్పుడు సంతోషంగా ఉన్నావో, ఎప్పుడు అలిగావో నాకు తెలిసిపోతుంది’ అన్న భావంతో మాట్లాడారు. సంతోషంగా ఉన్నప్పుడు ఆమె ముహమ్మద్ ప్రభువు సాక్షిగా అనేవారు, అలిగినప్పుడు ఇబ్రాహీమ్ ప్రభువు సాక్షిగా అనేవారు. భార్య మాటలోని ఒక్క పదం మారితే ఆమె మనసును పట్టుకోగల భర్త ఆయన. మన ఇళ్ళలో ఎంతమంది అలా వింటున్నాం?

ఇప్పుడు నికాహ్ విషయానికి వద్దాం. కన్య అంగీకారం అడగాలనీ, సిగ్గువల్ల ఆమె మౌనంగా ఉంటే అదే అంగీకారమనీ హదీసులో ఉంది. దీన్ని పట్టుకుని ముసుగు కింద తలవంచుకున్న ప్రతి అమ్మాయినీ ‘ఒప్పుకుంది’ అనేస్తున్నారు. ఫుఖహాలు ఇంత తేలికగా తీసుకోలేదు. అంగీకారం అడిగినప్పుడు అమ్మాయి నవ్వితే ఏమిటి, వెక్కిరింపుగా నవ్వితే ఏమిటి, శబ్దం చేస్తూ ఏడిస్తే ఏమిటి, నిశ్శబ్దంగా కన్నీరు కారిస్తే ఏమిటి అని హనఫీ ఫిఖా గ్రంథాలలో విడివిడిగా చర్చించారు. మరి ముసుగు కింద ఉన్నది నవ్వో ఏడుపో చూడకుండా ఆ మౌనాన్ని ఎలా చదువుతాం? పైగా వలీ గానీ ఆయన పంపినవారు గానీ కాకుండా ఇతరులు అడిగితే మౌనం చాలదని, ఆమె నోటితో చెప్పాలని ‘హిదాయా’లో స్పష్టంగా ఉంది.

సాక్షుల సంగతీ ఇంతే. తెర వెనుక నుంచి వినిపించిన గొంతును బట్టి ఫలానా మనిషే పలికిందని సాక్ష్యమివ్వకూడదని, గొంతులు ఒకదానికొకటి పోలి ఉంటాయని ఫుఖహాలు అన్నారు. లోపల ఆమె తప్ప వేరెవరూ లేరని తెలిస్తే మాత్రం ఇవ్వవచ్చు. ఖాజీకీ సాక్షికీ అవసరమైతే స్త్రీ ముఖం చూసే అనుమతి కూడా ఉంది. పరదాను ఆదేశించిన షరీఅతే ఈ వెసులుబాటునూ ఇచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఒక నికాహ్‌లో మేము సాక్షిగా ఉన్నాం. గది నిండా ఆడవాళ్ళు, మేము గుమ్మం దగ్గర పరదాకు ఇవతల ఉన్నాం. వకీలు సాహెబ్ అడగగానే లోపలి నుంచి ‘హాఁ’ అని వినిపించింది. అన్నది పెళ్ళికూతురో, పక్కనున్న వదినో మాకు తెలియలేదు. మళ్ళీ అడిగించమన్నాం. భోజనాలు చల్లారిపోతున్నాయని పెద్దలు విసుక్కున్నారు. చివరికి అమ్మాయి ఫూఫీ అందరినీ బయటికి పంపి, ముసుగు తీయించి, వరుడి పేరు, అతని తండ్రి పేరు, మహర్ మొత్తం చెప్పి అడిగింది. బయటికి వచ్చి, “బిడ్డ ఏడుస్తోంది మౌల్సాబ్” అంది. పెళ్ళిపందిరిలో ఒక్కసారిగా సద్దుమణిగింది. ఎందుకు ఏడుస్తోందో అడగమన్నాం. ఈసారి అమ్మాయే, గదిలో ఒక్కతే ఉండి, పరదా వెనుక నుంచి జవాబిచ్చింది: “అమ్మీని వదిలి వెళ్తున్నానని ఏడుపు వచ్చింది. నికాహ్ నాకు ఖబూల్.” మేము సంతకం పెట్టాం.