గుండె గోడ మందమైతే ఆయుష్షు తగ్గినట్లేనా?

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. పేరు పలకడమే కష్టం. ఈ పేరున్న రిపోర్టు చేతికి రాగానే ఇంటివారు మొదట అడిగేది “ఇంకెంతకాలం?” అని. ఈనాడు వైద్యులు చెప్పగల జవాబు నలభై ఏళ్ల కిందటి జవాబుకంటే ఎంతో మేలు.

రక్తపోటు వంటి వేరే కారణమేదీ లేకుండానే గుండె ఎడమ జఠరిక గోడ, ముఖ్యంగా రెండు జఠరికల నడిమి గోడ, దళసరి కావడమే ఈ జబ్బు. పెద్దవారిలో గోడ మందం 15 మిల్లీమీటర్లకు చేరితే దీన్ని అనుమానిస్తారు. కండరం గట్టిగానే ముడుచుకుంటుంది, చిక్కంతా సడలడంలో ఉంది. సరిగా సడలని గదిలో రక్తం నిండదు. అందుకే మెట్లెక్కితే ఆయాసం. కొందరిలో ఆ గోడ రక్తం బయటికి పోయే దారినీ ఇరుకు చేస్తుంది. సుమారు 500 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా.

1958లో లండన్‌లో డోనాల్డ్ టియర్ అనే వైద్యుడు, హఠాత్తుగా మరణించిన యువతీ యువకుల గుండెలను పరీక్షించి దీన్ని వివరించారు. శవపరీక్షతో వెలుగులోకి వచ్చిన జబ్బు కనుక భయం దాన్ని అంటిపెట్టుకునే ఉంది. తర్వాతి కాలంలో పెద్ద ఆసుపత్రులు ఏటా నూటికి ముగ్గురు నుంచి ఆరుగురు మరణిస్తున్నారని లెక్కకట్టాయి. అయితే అంతదూరం వెళ్లినవారిలో జబ్బు ముదిరినవారే ఎక్కువ. ఫెయిలైనవారి పేపర్లే దిద్ది బడి మొత్తానికి సగటు చెప్పినట్లన్నమాట. ఎకో పరీక్ష వాడుకలోకి వచ్చాక తేలికపాటి కేసులూ కనబడ్డాయి. మంచి వైద్యం అందుతున్న పెద్దవారిలో ఈ జబ్బువల్ల మరణాలు ఏడాదికి నూటికి ఒకటి లేదా అంతకన్నా తక్కువ. వీరిలో చాలామంది డెబ్బై దాటి బతుకుతున్నారు.

ఈ మార్పు ఊరికే రాలేదు. గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు లోపలినుంచే షాక్ ఇచ్చే ఐ.సి.డి. పరికరాన్ని 1980లో అమెరికాలో తొలిసారి మనిషికి అమర్చారు. ఇది అందరికీ అక్కర్లేదు. కుటుంబంలో హఠాన్మరణం, కారణం తెలియని స్పృహ తప్పడం, 30 మిల్లీమీటర్ల మందం వంటివి చూసి నిర్ణయిస్తారు. దారి ఇరుకైనవారికి ముందు బీటా బ్లాకర్ మాత్రలు, చాలకపోతే ఉబ్బిన గోడను కొంత కోసి తీసే ఆపరేషన్, లేదా తొడ నాళంగుండా గొట్టం పంపి చేసే చికిత్స ఉన్నాయి. 2022లో అమెరికాలో మావాకాంటెన్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. దీర్ఘకాలంలో మరువకూడనిది ఇంకొకటుంది: పై గదుల లయ తప్పి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం రావడం. రక్తం పలుచనచేసే మందు మానకుండా వాడితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది.

జబ్బు వంశపారంపర్యంగా రావచ్చు. జన్యులోపమున్న తల్లి లేదా తండ్రినుంచి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి పరిశోధనలో, గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యులోపం భారతీయుల్లో దాదాపు నూటికి నలుగురిలో ఉందని తేలింది. ఉన్నవారందరికీ జబ్బు రాదు. వస్తే తరచు నడివయసు తర్వాతే.

ప్రార్థన వరుసలో ఎండకు సొమ్మసిల్లిన పిల్లవాడికి గ్లూకోజు నీళ్లిచ్చి కూర్చోబెట్టడం మా బడుల్లో మామూలే. పరుగెత్తుతుండగా పడిపోయిన పిల్లవాడి సంగతి అది కాదు. వాడికి ఇ.సి.జి., ఎకో తీయించాలి.

దాతలకు ఒక మాట. ఆపరేషన్ అనగానే చందా పోగవుతుంది, ఏళ్లతరబడి మాత్రలకు పోగవదు. రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల ఎకోలకు అసలే పోగవదు. పైగా ఒకసారి బాగుందని వదలరాదు. పిల్లలకు ఏడాదికో రెండేళ్లకో, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకొకసారి మళ్లీ చూడాలి. నా దృష్టిలో ఈ ఖర్చే ముందు లెక్కలోకి రావాలి. రోగి వేసవిలో రంజాన్ ఉపవాసం ఉండదలిస్తే డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గితే ఇరుకు దారి మరింత ఇరుకవుతుంది, మాత్రల వేళలూ మార్చాల్సి ఉంటుంది.