ముసుగు తీస్తేనే చదువా?



ఆదివారం దివ్యబలిపూజకు మన గుడిలో అడుగుపెట్టే తల్లులను, అక్కచెల్లెళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. గుడి మెట్టు ఎక్కుతూనే పైటచెంగు తలమీదికి వస్తుంది. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది, కూతురు చేస్తోంది. ఈ రోజుల్లో కొందరు అమ్మాయిలు కప్పుకోవడం మానేశారు. వారినీ ఎవరూ బయట నిలబెట్టరు. కప్పుకున్నవారు, కప్పుకోనివారు పక్కపక్కనే కూర్చుని జపమాల చెప్పుకుంటారు.

మరి ఒక ప్రభుత్వోద్యోగి గుమ్మంలో నిలబడి, "ఆ చెంగు తీస్తేనే లోపలికి రానిస్తాను" అంటే మనకెలా ఉంటుంది? అదే మాట బడి గేటు దగ్గర పన్నెండేళ్ల పిల్లతో అంటే ఆ పిల్లకెలా ఉంటుంది? ముస్లిం బాలికలు తలకు గుడ్డ కట్టుకుని ప్రభుత్వ బడికి రాకూడదని ప్రభుత్వం చట్టం చేయడం న్యాయమేనా అన్నదే ఈ వారం మన పాఠం. "అది వాళ్ల గొడవ, మనకెందుకు?" అనేవారు మనలోనూ ఉన్నారు. ఎందుకో చివరకు తెలుస్తుంది. ముందు సంగతులు తెలుసుకుందాం.

1. ఫ్రాన్సు దేశంలో జరిగినది

మొదట ఒక మాట. ఇక్కడ మనం మాట్లాడుకునేది ముఖాన్ని కప్పే బురఖా గురించి కాదు. జుట్టును, చెవులను, మెడను కప్పుతూ ముఖం స్పష్టంగా కనబడేటట్లు కట్టుకునే గుడ్డ గురించి. దీనినే హిజాబ్ అంటారు.

1989లో పారిస్‌కు ఉత్తరాన ఉన్న క్రెయ్ పట్టణంలో ముగ్గురు బాలికలు ఈ గుడ్డతో బడికి వచ్చారు. బడి యాజమాన్యం వారిని తరగతిలోకి రానివ్వలేదు. దేశమంతటా పెద్ద వాదం చెలరేగింది. ప్రభుత్వం తన అత్యున్నత పాలనా న్యాయస్థానం అభిప్రాయం కోరింది. విద్యార్థి మతచిహ్నం ధరించడం అంతమాత్రాన లౌకిక బడికి విరుద్ధం కాదని ఆ ఏడాది నవంబరులో న్యాయస్థానం చెప్పింది. ఇతరులను ఒత్తిడి చేసినా, పాఠాలకు ఆటంకం కలిగించినా మాత్రం బడి అడ్డు చెప్పవచ్చునన్నది. ఇది వివేకం గల తీర్పు. తప్పు చేసిన పిల్లను సరిదిద్దండి, గుడ్డను శిక్షించకండి అని దాని సారాంశం.

కాని గొడవ ఆగలేదు. 2004 మార్చి 15న ఫ్రాన్సు చట్టమే చేసింది. ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో విద్యార్థులు తమ మతాన్ని కొట్టొచ్చినట్లు చూపే చిహ్నాలుగాని దుస్తులుగాని ధరించరాదని దాని సారం. దిగువ సభలో 494 మంది అనుకూలంగా, 36 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ముస్లిం బాలికల తలగుడ్డ, యూదు బాలుర టోపీ, సిక్కు బాలుర తలపాగా, పెద్ద సిలువ అన్నీ నిషేధం కిందికి వచ్చాయి. మెడలో చిన్న సిలువ ఉండవచ్చు.

"అందరికీ ఒకే చట్టం గదా, ఇందులో పక్షపాతమేముంది?" అని అడగవచ్చు. కాగితం మీద అందరికీ ఒకటే. కాని కతోలిక బాలుడు పెద్ద సిలువ వేలాడేసుకుని బడికి వెళ్లవలసిన విధి ఏమీ లేదు. సిక్కు బాలునికి తలపాగా, భక్తిగల ముస్లిం బాలికకు తలగుడ్డ అటువంటివి కావు. ఒకే కొలత చొక్కా అందరికీ ఇచ్చి, సరిపోనివారిని బయటకు పొమ్మన్నట్లయింది.

2. మన గురువుల అంగీకి వచ్చిన ముప్పు

ఇదే ఫ్రాన్సులో ఒకనాడు ఈ బాధ మన శ్రీసభ పడింది. 1904లో ఆ దేశం మఠవాసులు బోధించకుండా చట్టం చేసింది. ఎందరో మఠకన్యలు, బ్రదర్లు తమ బడులు వదిలి పరాయి దేశాలకు వెళ్లిపోయారు. మరుసటి ఏడు, 1905లో, రాజ్యాన్ని శ్రీసభను వేరుచేసే చట్టం మీద పార్లమెంటులో చర్చ జరుగుతుండగా ఒక సభ్యుడు మరో ప్రతిపాదన తెచ్చాడు. గురువులు పొడవాటి అంగీతో వీధిలో తిరగరాదని నిషేధించాలన్నాడు. ఆ అంగీ గురువును బానిసగా చేస్తున్నదని, దానినుండి అతనికి విముక్తి కలిగించాలని వాదించాడు.

దానిని ఎదిరించినది ఎవరు? ఆ చట్టాన్ని సభలో ముందుకు నడిపిన అరిస్తిద్ బ్రియాఁ గారే. ఆయన శ్రీసభకు మిత్రుడేమీ కాదు. అయినా, స్వేచ్ఛ పేరుతో తెచ్చిన చట్టం ఎవరు ఏ బట్ట కట్టాలో చెప్పడం నవ్వులపాలవుతుందన్నాడు. ఈ అంగీ నిషేధిస్తే గురువులు, దర్జీలు కలిసి ఇంకో అంగీ కనిపెడతారని కూడా అన్నాడు. ప్రతిపాదన ఓడిపోయింది.

ఆయన మాట ఎంత నిజమైనదో చూడండి. తలగుడ్డ నిషేధించిన 19 ఏళ్లకు, 2023లో, ఫ్రాన్సు ప్రభుత్వం బాలికలు వేసుకునే పొడవాటి గౌను అబాయాను కూడా బడుల్లో నిషేధించింది. పొడవు గౌను ఎప్పుడు మతదుస్తు అవుతుంది, ఎప్పుడు మామూలు దుస్తు అవుతుంది? వేసుకున్న పిల్ల పేరు, ఇంటి మతం చూచి నిర్ణయించవలసిన స్థితి ఉపాధ్యాయులకు వచ్చింది. చట్టం ఒకసారి అల్మారాలోకి చేయి పెడితే ఎక్కడ ఆగాలో దానికే తెలియదు.

అందుకే 2003 డిసెంబరులో, చట్టం రాకముందే, ఫ్రాన్సులోని కతోలిక, ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సభల పెద్దలు కలిసి అధ్యక్షుడు షిరాక్ గారికి లేఖ రాశారు. ఇటువంటి చట్టం వద్దని కోరారు. తమ మందలో ఏ బాలికా ఆ గుడ్డ కట్టుకోదని తెలిసే రాశారు.

3. భారం ఎవరి మీద పడింది?

చట్టం అమలైన మొదటి విద్యా సంవత్సరంలో 47 మంది విద్యార్థులను బడినుండి తొలగించారు. వారిలో 44 మంది ముస్లిం బాలికలు, ముగ్గురు సిక్కు బాలురు. ఇంకా కొందరు తామే బడి మానుకున్నారు; కొందరు ఇంటి దగ్గర ఉత్తరాల ద్వారా చదువుకున్నారు. కొందరు కతోలిక బడులలో చేరారు, ఎందుకంటే ప్రైవేటు బడులకు ఈ చట్టం వర్తించలేదు. ప్రభుత్వం తలుపు మూసినప్పుడు మఠకన్యల బడి తలుపు తెరిచిందన్నమాట. ఇది మనం గర్వించదగిన సంగతి.

2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ నిషేధం వల్ల ముస్లిం బాలికల మాధ్యమిక విద్య దెబ్బతిన్నదని ఇద్దరు పండితులు చూపించారు. దీనికి భిన్నమైన ఫలితం కనిపించిందన్న పండితులూ ఉన్నారు. ఆ వాదం వారు తేల్చుకుంటారు. కాని తొలగింపు ఉత్తరం చేతబట్టుకుని ఇంటికి వెళ్లిన బాలికకు చదువు పోయిందన్నది ఏ లెక్కలూ మార్చలేవు. ఆ 44 మందిలో ఒక్కరు మన బిడ్డ అయితే ఎలా ఉంటుందో మనమే చెప్పుకోవాలి.

4. "ఇంట్లోవాళ్లే బలవంతంగా కట్టిస్తారు కదా!"

ఈ ప్రశ్నను తేలికగా తోసివేయకూడదు. ఫ్రాన్సులో చట్టాన్ని కోరినవారిలో చాలామంది దుర్మార్గులు కారు. తండ్రులు, అన్నలు, పేటలోని కుర్రాళ్లు ఒత్తిడి చేస్తే భయపడి కట్టుకున్న బాలికలు ఉన్నారని వారు చెప్పారు. అది నిజమే. అటువంటి బాలికకు రక్షణ కావాలి.

అయితే ఆమెను బడినుండి పంపివేస్తే ఆమె ఎక్కడికి వెళ్తుంది? బలవంతం చేసిన ఆ ఇంటికే. స్నేహితురాళ్లు, టీచరమ్మ, పుస్తకాలు ఉండే చోటునుండి ఆమెను తీసి, కట్టిపడేసేవారి చేతికి తిరిగి అప్పగించినట్లవుతుంది. బలవంతం చేసిన తండ్రిని పిలిచి మాట్లాడవచ్చు, బెదిరించేవారిపై చర్య తీసుకోవచ్చు. తండ్రి తప్పుకు బిడ్డ చదువు తీసివేయడం ఏ న్యాయం? ఇక మనస్ఫూర్తిగా కట్టుకునే బాలిక సంగతి? ఆమెను బలవంతం చేసేది ఇంట్లోవారు కాదు, చట్టమే.

ఇరాన్ దేశం చూడండి. 1936లో అక్కడి రాజు రెజా షా ముసుగును నిషేధించాడు. పోలీసులు వీధుల్లో స్త్రీల తలమీద గుడ్డలు లాగివేశారు. ఎందరో స్త్రీలు సిగ్గుతో ఇల్లు కదలలేదు. 1979 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం అదే ముసుగును తప్పనిసరి చేసింది. 2022లో ముసుగు సరిగా లేదని పట్టుకున్న మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల యువతి నిర్బంధంలో ఉండగా చనిపోయింది. ఒకనాడు లాగివేసినది, మరొకనాడు కట్టించినది ప్రభుత్వం చెయ్యే. కట్టుకోనని చెప్పే ఇరాన్ యువతి పక్షాన నిలబడేవారు, కట్టుకుంటానని చెప్పే ఫ్రాన్సు బాలిక పక్షాన కూడా నిలబడాలి. ఇద్దరూ అడిగేది ఒక్కటే: నా తల నాకు వదిలిపెట్టండి.

5. శ్రీసభ మనకు నేర్పేది

ఈ విషయంలో శ్రీసభ తానూ నేర్చుకున్నది. తప్పు మతానికి హక్కులు లేవని మన పండితులు బోధించిన కాలం ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మత స్వేచ్ఛ గురించి ప్రకటన వెలువరించింది. మత విషయంలో ఏ మనిషినీ తన మనస్సాక్షికి విరుద్ధంగా నడువమని బలవంతం చేయరాదనీ, న్యాయమైన హద్దుల్లో మనస్సాక్షి ప్రకారం నడుచుకునేవారిని అడ్డగించరాదనీ బోధించింది. ఒంటరిగా ఉన్నా, నలుగురిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, బహిరంగంగా ఉన్నా ఇది వర్తిస్తుంది. ఈ హక్కు మనిషి గౌరవం నుండి పుట్టినది కాబట్టి కతోలికులకు ఎంతో ముస్లిములకూ అంతే. అంతకు కొన్ని వారాల ముందు, అక్టోబరు 28న, క్రైస్తవేతర మతాల గురించిన ప్రకటనలో శ్రీసభ ముస్లిములను గౌరవంతో చూస్తుందని చెప్పి, పాత కలహాలు మరచి పరస్పర అవగాహనకు పాటుపడమని కోరింది.

దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2016లో ఒక ఫ్రెంచి పత్రికతో మాట్లాడుతూ, ముస్లిం స్త్రీ ముసుగు వేసుకోదలిస్తే వేసుకోగలగాలి, కతోలికుడు సిలువ ధరించదలిస్తే ధరించగలగాలి అన్నారు. రెండింటినీ కలిపి చెప్పడం గమనించండి.

రాజ్యం ఏ మతం పక్షం వహించకూడదన్నది మంచి నియమమే. మన దేశానికీ అదే రక్ష. కాని ఆ నియమం ప్రభుత్వానికి, దాని గోడలకు, దాని తరపున పాఠం చెప్పేవారికి. బల్లమీద కూర్చున్న పిల్ల ప్రభుత్వోద్యోగి కాదు.

6. మన దేశం, మన బడులు

ఈ వాదం మన పొరుగుకూ వచ్చింది. కర్ణాటకలో ఉడుపి ప్రభుత్వ కళాశాలలో మొదలైన వివాదం పెరిగి, 2022 ఫిబ్రవరి 5న యూనిఫారం గురించి ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. గుడ్డ తీయనన్న బాలికలు గేటు బయట నిలిచిపోయారు. యూనిఫారం రంగు గుడ్డే కట్టుకుంటామన్నా అంగీకరించలేదు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు. నిషేధం చెల్లదన్న జస్టిస్ ధూలియా గారు, చదువు కాదని చెప్పి ఆ బాలిక బ్రతుకును మనం మెరుగు చేస్తున్నామా అని అడిగారు.

ఆయన ఆధారం చేసుకున్న పాత తీర్పు 1986 నాటిది. జాతీయగీతం పాడేటప్పుడు లేచి గౌరవంగా నిలబడి, తమ విశ్వాసం ఒప్పదని పాడకుండా ఉన్న ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలను కేరళలో బడినుండి తొలగించారు. వారిని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి గారు. ఆ విశ్వాసం మనకు వింతగా తోచినా సరే, అది నిజాయితీగలదైతే రాజ్యాంగం కాపాడుతుందన్నది ఆ తీర్పు సారం.

ఇక కష్టమైన మాట ఒకటి. 2018లో కేరళలో ఒక క్రైస్తవ యాజమాన్యపు బడిలో తలగుడ్డకు అనుమతి కోరి ఇద్దరు ముస్లిం బాలికలు కోర్టుకు వెళ్లారు. ప్రైవేటు యాజమాన్యం కాదనవచ్చునని హైకోర్టు చెప్పింది. మన బడులకు ఆ హక్కు ఉండవచ్చు. ఉన్నదని వాడవలెనా? తలకు ముసుగు వేసుకున్న మఠకన్య, ముసుగు వేసుకున్న బాలికను గుమ్మంలో ఆపితే ఆ బాలిక ఏమనుకుంటుంది? రేపు ఏ ప్రభుత్వమైనా మఠకన్య ముసుగు తీయమంటే మన పక్షాన ఎవరు మాట్లాడతారు?

ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుకుంటామో అదే మనమూ వారికి చేయాలని ప్రభువు కొండమీద బోధించారు. చిన్నబిడ్డలను తన దగ్గరకు రాకుండా ఆపిన శిష్యులను ఆయన కోపించారు. ఆ బిడ్డల తలమీద ఏముందని ఆయన చూడలేదు. బడి గేటు దగ్గర మనం శిష్యుల పక్షమా, ప్రభువు పక్షమా?

కుటుంబంలోను, సంఘంలోను చర్చించుకోవడానికి:

1. మీ పిల్లల తరగతిలో ముస్లిం పిల్లలు ఉన్నారా? వారి పండుగలు, ఆచారాల గురించి మీ పిల్లలు ఇంట్లో ఎలా మాట్లాడుతున్నారు?

2. ఇంట్లో బలవంతానికి గురయ్యే బాలికకు, ఆమె చదువు పోకుండా, బడి ఏ విధంగా సాయపడగలదు?

3. మన విచారణలోని బడి నియమాలలో ఏ మతపు పిల్లకైనా మనస్సాక్షికి ఇబ్బంది కలిగించేవి ఉన్నాయా? ఉంటే ఫాదర్ గారితోను, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారితోను ఎప్పుడు మాట్లాడదాం?