ఈసారి టచప్‌కి ‘నో’ చెప్పండి!

సెలూన్ నుంచి మెసేజ్ వచ్చే ఉంటుంది. “మేడమ్, రూట్ టచప్ టైమ్ అయింది. ఈ నెల ఆఫర్ ఉంది.”

చూసి వదిలేయండి. రిప్లై కూడా అక్కర్లేదు.

మీ పరిస్థితి నాకు తెలుసు. ఎప్పుడో పెళ్లి ఫంక్షన్ ముందు రీబాండింగ్ చేయించారు. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. నాలుగైదు నెలలకు కుదుళ్ల దగ్గర అసలు జుట్టు రింగులు తిరుగుతూ లేచింది. కింద మాత్రం తిన్నగా వేలాడుతోంది. మళ్లీ సెలూన్, మళ్లీ గంటల కొద్దీ కుర్చీ, మళ్లీ వేలకు వేలు. ఇక చాలనిపించింది.

అలా అనిపించడమే సగం పని. మిగతా సగం అలవాట్లు. అలవాట్లు ఎవరైనా మార్చుకోగలరు. మీరూ మార్చుకుంటారు.

ముందు ఒక నిజం ఒప్పుకోండి

రీబాండింగ్ అయిన జుట్టు మళ్లీ రింగులు తిరగదు. ఏ నూనె రాసినా తిరగదు. ఎంత ఖరీదైన మాస్క్ వేసినా తిరగదు.

ఎందుకంటే అక్కడ జరిగింది పైపూత కాదు. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ పోగుల్ని కలిపి పట్టుకునేవి సల్ఫర్ బంధాలు. థయోగ్లైకోలేట్ క్రీమ్ ఆ బంధాల్ని తెంచుతుంది. వేడి ఐరన్ జుట్టును తిన్నగా సాగదీస్తుంది. ఆఖర్న న్యూట్రలైజర్ వేసి, తిన్నగా ఉన్నప్పుడే బంధాల్ని మళ్లీ కలిపేస్తారు. అది శాశ్వతం.

ఇప్పుడు మంచి వార్త. మందు పనిచేసింది బయట ఉన్న వెంట్రుక మీదే. రింగు ఎలా తిరగాలో నిర్ణయించేది చర్మం లోపలి కుదురు. అది తన పని తాను చేసుకుపోతూనే ఉంది. కాబట్టి పాత జుట్టును బాగుచేయడం మీ లక్ష్యం కాదు. కొత్త జుట్టు పెరిగేదాకా పాతదాన్ని భరించడం, తర్వాత కత్తిరించేయడం. అంతే!

కెరాటిన్ ట్రీట్‌మెంట్ మాత్రమే చేయించుకున్నారా? మీ పని ఇంకా సులువు. దాని ప్రభావం తలస్నానాలతో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. అయితే ఒక చిక్కుంది. మన సెలూన్లలో పేర్లకు లెక్కాపత్రం ఉండదు. ఒకచోట స్మూతెనింగ్ అన్నదాన్నే ఇంకోచోట ఇంకేదో అంటారు. ఫోన్ చేసి “నా జుట్టుకు ఏ మందు వాడారు?” అని సూటిగా అడగండి. డబ్బులు కట్టింది మీరు.

ముందు నడిచినవాళ్లు ఉన్నారు

మందు మానేసి సొంత జుట్టుకు తిరిగి వచ్చే ఈ విద్యలో మనకు గురువులు అమెరికాలోని నల్లజాతి మహిళలు. గారెట్ మోర్గన్ అనే ఆవిష్కర్త జుట్టు సాగదీసే క్రీమ్ అమ్మడానికి కంపెనీ పెట్టింది 1913లో. ఆ తర్వాత వచ్చిన రిలాక్సర్లలో, అంటే జుట్టు సాగదీసే మందుల్లో, చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్. అంటే మనం కాస్టిక్ సోడా అనేదే. నెత్తి మండినా ఆ మహిళలు ఓర్చుకున్నారు. ఉద్యోగం కావాలంటే, స్కూల్లో మాట పడకూడదంటే జుట్టు తిన్నగా ఉండాలి మరి. పుట్టుకతో వచ్చిన జుట్టు కారణంగా వివక్ష చూపకూడదని కాలిఫోర్నియాలో ‘క్రౌన్ యాక్ట్’ వచ్చింది 2019లో!

వాళ్ల పోరాటాన్ని మన పెళ్లిచూపుల బెంగతో పోల్చలేం. కానీ ‘ట్రాన్సిషన్’ (పెంచుతూ కొద్దికొద్దిగా మారడం), ‘బిగ్ చాప్’ (ఒక్కసారే కత్తిరించేయడం) లాంటి మాటలూ, జుట్టు తెగకుండా దాటించే మెళకువలూ వాళ్ల దగ్గర్నుంచి వచ్చినవే. 2009లో అక్కడి హాస్యనటుడు క్రిస్ రాక్ ‘గుడ్ హెయిర్’ అనే డాక్యుమెంటరీ నిర్మించాడు. మన దేశపు గుళ్లలో ఇచ్చిన తలనీలాలు అక్కడి సెలూన్లదాకా ఎలా వెళ్తాయో అందులో చూపించాడు. మన జుట్టు కోసం వాళ్లు డబ్బు పోస్తుంటే, మనమేమో ఉన్న జుట్టు నచ్చక మందు పోస్తున్నాం.

ఇంకో సంగతి. అమెరికాలో 33 వేలమందికి పైగా మహిళల్ని ఏళ్లతరబడి గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం జుట్టు సాగదీసే మందులు ముట్టనివాళ్లలో 1.64 శాతం, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతం అని అంచనా వేసింది. కంగారు పడకండి. ఇది సంబంధమే, రుజువు కాదు. ఆపడానికి మాత్రం ఇదొక మంచి కారణం.

రెండు దారులు, ఒకటి ఎంచుకోండి

మొదటిది, ఒక్కసారే కత్తిరించేయడం. ధైర్యం ఉంటే ఇంతకన్నా సుఖం లేదు. మన తెలుగు ఆడవాళ్లకు ఇంకో వెసులుబాటూ ఉంది. తిరుమల మొక్కు ఉంటే తీర్చేసుకోండి. గుండుతో ఆఫీసుకు వెళ్లినా ఎవరూ ఎందుకని అడగరు. లడ్డూ ఏదని అడుగుతారు! మూడు కత్తెరలు ఇచ్చి సరిపెడితే మాత్రం మన పని అవదు.

రెండోది, పెంచుతూ కొద్దికొద్దిగా కత్తిరించడం. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరుం పావు పెరుగుతుంది. ఏడాదికి 15 సెంటీమీటర్లు. భుజాలు దాటాలంటే రెండేళ్లు వేసుకోండి. పైగా రింగుల జుట్టు ఆరాక ముడుచుకుని పొట్టిగా కనిపిస్తుంది. పెరగడం లేదని బెంగపడకండి. ఒక పాయ తడిపి లాగి చూడండి, తెలుస్తుంది.

రెండు నెలలకోసారి చివర్లు ఒక అంగుళం తీయించండి. ఆ తేదీలు ఇవాళే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేయండి. మూడ్‌ని బట్టి కాదు, తేదీని బట్టి కత్తిరించాలి.

అసలు గండం: రెండూ కలిసేచోటు

పైన కొత్త రింగులు, కింద పాత తిన్నని జుట్టు. రెండూ కలిసే ఆ చోటే అన్నింటికన్నా బలహీనం. రబ్బరు బ్యాండు బిగించినా, దువ్వెన గట్టిగా లాగినా జుట్టు తెగేది అక్కడే. ట్రాన్సిషన్‌లో ఉన్నవాళ్లు “జుట్టంతా రాలిపోతోంది” అని భయపడేది చాలాసార్లు ఈ తెగడం చూసే. కుదురుతో ఊడిందా, మధ్యలో తెగిందా? వెంట్రుక చేతిలోకి తీసుకుని చూడండి. కుదురు దగ్గర చిన్న తెల్లటి మొన ఉంటే ఊడినట్టు. లేకపోతే తెగినట్టు. తెగుతుంటే మీరు దువ్వే తీరు మార్చాలి. నెత్తి మీద పలచబడిన మచ్చలు కనిపిస్తే మాత్రం చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. నూనెలతో కాలక్షేపం చేయొద్దు.

ఇక్కడే చిన్నప్పటి అలవాటు ఒకటి వదలాలి. మనకు జడ వేసిన తీరు గుర్తుందా? పొడి జుట్టు, సన్నపళ్ల దువ్వెన, నడినెత్తి నుంచి కిందికి ఒకే లాగుడు, కళ్లల్లో నీళ్లు. రింగుల జుట్టుకు అది శిక్ష. కొత్త పద్ధతి ఇదీ:

1. తలస్నానానికి గంట ముందు కొబ్బరినూనె. ఇది అమ్మమ్మ మాటే కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన మన దేశపు పరిశోధనే చూపించింది.
2. షాంపూ మాడుకు మాత్రమే. కుంకుడుకాయ ఇష్టమైతే వాడండి. కానీ అది జుట్టును బాగా పొడిబారుస్తుంది. తర్వాత కండిషనర్ తప్పనిసరి.
3. కండిషనర్ జుట్టులో ఉండగానే చిక్కు తీయాలి. ముందు వేళ్లతో, తర్వాత పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో. చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి.
4. తువ్వాలుతో రుద్దొద్దు. పాత కాటన్ టీషర్టుతో అదమండి.
5. తడిగా ఉండగానే జెల్ రాసి వదిలేయండి. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు!

ఆ అయిదోదే కష్టం. చెయ్యి ఊరుకోదు. ఊరుకోవడం నేర్పండి.

జెల్ కొనక్కర్లేదు. రెండు చెంచాల అవిసె గింజలు, గ్లాసుడు నీళ్లు. సన్నమంట మీద కలుపుతూ మరిగించండి. జిగురు సాగగానే దించి వేడివేడిగా వడగట్టండి. చల్లారాక వడగట్టడం ఎవరి తరమూ కాదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మీది బోరు నీళ్లా? నెలకోసారి క్లారిఫయింగ్ షాంపూ వాడి పేరుకున్న ఉప్పు వదిలించండి.

ఫంక్షన్ వస్తే పై రింగుల్ని ఐరన్‌తో తిన్నగా చేయాలనిపిస్తుంది. వద్దు. దాన్ని తిరగేసి ఆలోచించండి. కింది తిన్నని భాగాన్నే రింగులకు కలపండి. రాత్రి తడి జుట్టును సన్నటి జడలుగా అల్లి పడుకోండి. పొద్దున విప్పితే రెండూ కలిసిపోతాయి. వేడి అక్కర్లేదు.

నోళ్లకు సమాధానం ముందే రెడీ చేసుకోండి

“ఏంటే, తల దువ్వుకోలేదా?” అని పిన్ని అంటుంది. “పిచ్చుక గూడులా ఉంది” అని వదిన నవ్వుతుంది. అంటారు. వాదించకండి, వివరించకండి. ఒకటే వాక్యం: “నా సొంత జుట్టు పెంచుకుంటున్నా పిన్నీ.” నవ్వండి. టాపిక్ మార్చండి. మూడోసారి ఎవరూ అడగరు.

అద్దం ముందు మీతో మీరు అనుకునే మాటలే అసలు ప్రమాదం. “నాకు బాగోదు” అనే వాక్యం ఎవరు నేర్పారు? షాంపూ యాడ్స్ నేర్పాయి. ‘అలా మొదలైంది’లో నిత్యా మీనన్‌నీ, ‘ప్రేమమ్’లో అనుపమా పరమేశ్వరన్‌నీ ఆ రింగులతోనే కదా మనం ఇష్టపడ్డాం! వాళ్లకు బాగుంటే మీకూ బాగుంటుంది.

రోజూ అద్దంలో కొలవడం మానేయండి. నెలకో ఫొటో, అదే గోడ ముందు, అదే వెలుతురులో. రోజుల్లో తేడా కనపడదు. నెలల్లో కనపడుతుంది.

ఆరేడు నెలల దగ్గర మనసు జారుతుంది. పైనా కిందా చెరిసగం అయి, ఏ స్టైలూ కుదరక విసుగొస్తుంది. చాలామంది సెలూన్‌కి తిరిగి వెళ్లేది అప్పుడే. అది వస్తుందని ముందే తెలిస్తే సగం గెలిచినట్టే. ఆ నెలకు నాలుగు మంచి క్లిప్పులు, రెండు స్కార్ఫులు కొనిపెట్టుకోండి. వదులుగా ముడి వేయండి. లేదా అప్పుడే ధైర్యం చేసి మిగిలింది కత్తిరించేయండి. చాలామంది ఆ రోజే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

అమ్మలకు ఒక్క మాట. మీ పాప రింగుల జుట్టు చిక్కు తీయలేక, పుట్టినరోజు పేరు చెప్పి పన్నెండేళ్లకే స్మూతెనింగ్ చేయించాలనుకుంటున్నారా? చేయించొద్దు. ఆ డబ్బులో కొద్ది భాగంతో వెడల్పు పళ్ల దువ్వెన, కండిషనర్ వస్తాయి. ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని తన జుట్టు తనే చిక్కు తీసుకోవడం నేర్పండి.