గడుల మ్యాపులో ఎత్తూ వంతెనా



టైల్స్ అనే ఒకే కొలత గల చిన్న బొమ్మలను అడ్డువరుసల్లో, నిలువువరుసల్లో పేర్చి కట్టిన ఆట మ్యాపులో ప్రతి గడికీ రెండు సంఖ్యలే చిరునామా. నేల చదునుగా ఉన్నంతవరకు ఈ ఏర్పాటుకు లోటేమీ లేదు. గడికి నడవవచ్చు, నడవరాదు అనే ఒక్క గుర్తు తగిలిస్తే గోడలూ చెట్లూ చెరువులూ అన్నీ అందులోనే ఇమిడిపోతాయి. వంతెన దగ్గర మాత్రం లెక్క తప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఒకే గడిలో రెండు నేలలు ఉంటాయి: పైన తూర్పు పడమరలుగా సాగే వంతెన, కింద ఉత్తర దక్షిణాలుగా పోయే బాట. పైనున్నవాడికి వంతెన అంచు దాటరాని హద్దు కాగా, కిందనున్నవాడికి అక్కడ అడ్డమన్నదే లేదు. అందుచేత ఆ గడికి నడవవచ్చునని రాసినా తప్పే, నడవరాదని రాసినా తప్పే.

కొత్తగా నేర్చుకునేవారు ఈ చిక్కును చాలాసార్లు బొమ్మ వైపునుంచి విప్పబోతారు. ఒకదానిపై ఒకటిగా పరిచే బొమ్మల పొరలను లేయర్లు అంటారు. నేలను అడుగు లేయర్‌లోను, వంతెనను పై లేయర్‌లోను వేస్తే, కిందుగా పోయే పాత్ర వంతెన చాటుకు వెళ్లి అవతల తేలుతుంది కాబట్టి పని పూర్తయినట్లే కనిపిస్తుంది. కాని అదే పాత్ర మెట్లెక్కి వంతెన మీదికి వచ్చినప్పుడు కూడా దాని చాటునే ఉండిపోతుంది. బొమ్మ గీసే క్రమం ఒకటి, నడకకు నియమం మరొకటి. ఈ రెండూ ఆధారపడవలసిన మూడో విషయం, ఆ పాత్ర ప్రస్తుతం ఏ అంతస్తులో ఉన్నదన్నది. ఈ ప్రశ్నకు వంతెన గడి జవాబు చెప్పలేదు. ఏ దారిన వచ్చిందో ఎరిగిన పాత్ర మాత్రమే చెప్పగలదు కనుక, గడికి ఒక ఎత్తు సంఖ్య ఇవ్వడమే కాక, పాత్రకూ సొంతంగా ఒక ఎత్తు సంఖ్య ఇవ్వాలి. తక్కినవన్నీ మరిచినా ఇది మరవకూడదు.

గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రానికి 2002లో వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటలు ఈ సూత్రాన్ని ఎంతో పొదుపుగా అమలుచేశాయి. ఆ ఆటల్లో మ్యాపులోని ఒక్కొక్క గడికి 16 బిట్లు, అంటే సున్నా ఒకట్లతో నిండే 16 స్థానాలు, కేటాయించారు. వాటిలో 10 ఏ బొమ్మ వేయాలో చెబుతాయి, 2 అడ్డు ఉన్నదీ లేనిదీ చెబుతాయి, మిగిలిన 4 ఎత్తును చెబుతాయి. నాలుగు బిట్లలో 0 నుంచి 15 వరకు సంఖ్యలు పడతాయి. మామూలు నేలకు 3, నీటికి 1, ఎత్తైన నేలకు 4 వంటి సంఖ్యలు ఇచ్చి, రెండు చివరల్లో ఉన్న 0, 15 లను ప్రత్యేక పనులకు అట్టిపెట్టారు. పాత్ర సంఖ్యా ముందున్న గడి సంఖ్యా ఒకటే అయితే అడుగు పడుతుంది, వేరైతే ఆగిపోతుంది. 0 ఉన్న గడి మెట్ల వంటిది: ఎవరినైనా రానిస్తుంది, వచ్చినవారి సంఖ్యను 0 చేస్తుంది, దాంతో వారు ఆ తరువాత ఏ ఎత్తుకైనా వెళ్లి, అక్కడి సంఖ్యను పొందగలుగుతారు. 15 ఉన్న గడి వంతెన: అది కూడా ఎవరినైనా రానిస్తుంది, కాని వచ్చినవారి సంఖ్యను ముట్టుకోదు.

ఈ చివరి నియమం ఎంత పని చేస్తుందో నిదానంగా ఆలోచించి చూడాలి. 4 సంఖ్యతో వంతెన ఎక్కిన పాత్ర మధ్యలో పక్కకు దిగబోతే, అక్కడి నేల గడి 3 కాబట్టి దానంతట అదే ఆగిపోతుంది. వంతెనకు విడిగా అడ్డుకట్ట రాయవలసిన అవసరం లేదు. 3 సంఖ్యతో కిందుగా వచ్చిన పాత్ర వంతెన చివరనున్న 4 గడిలోకి ఎగబాకలేదు. పైనొకరు, కిందొకరు ఒకే గడిలో ఉన్నా సంఖ్యలు వేరు గనుక ఢీకొనరు. ఉదాహరణకు, ఆ ఆటల్లో స్లేట్‌పోర్ట్, మావిల్ పట్టణాల నడుమ సైకిళ్ల కోసం కట్టిన ఎత్తు రోడ్డు కిందుగా గడ్డి బాట సాగుతుంది. బొమ్మ గీసే క్రమం కూడా ఈ సంఖ్యనుంచే పుడుతుంది: కదిలే పాత్ర బొమ్మను స్ప్రైట్ అంటారు, 3 ఎత్తులోని స్ప్రైట్‌ను పై లేయర్‌కు వెనుక, 4 ఎత్తులోని దాన్ని ముందు గీస్తారు. ఇంత చిన్న నియమంతో ఇన్ని పనులు నెరవేరడం ప్రోగ్రామింగ్‌లో అరుదుగా దొరికే అందం.

అయితే మెట్ల గడిని వంతెన గడికి ఆనించి పెట్టకూడదు. మెట్ల మీద 0 అయిన పాత్ర నేరుగా 15లో అడుగుపెడితే ఆ 0 అలాగే నిలిచిపోతుంది, అప్పుడు వంతెన మధ్యనుంచి ఏ పక్కకైనా దిగిపోవడానికి దానికి అడ్డుండదు. నడుమ ఒక్క 4 గడి ఉంచితే ఈ కన్నం పూడుతుంది.

ఒకే గడిలో మూడు నాలుగు దారులు ఒకదానిపై ఒకటి పోయే ఆటలకు ఈ పద్ధతి చాలదు. 1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్‌లో ఒక్కో గడికి ఒక జాబితా ఉంటుంది. నేల, బాట, పట్టాలు వంటి ప్రతి వస్తువు అడుగు ఏ ఎత్తులో మొదలవుతుందో, అది పైన ఎంతవరకు చోటు ఆక్రమిస్తుందో అందులో నమోదవుతుంది. ఆడేవారే కట్టడాలు కట్టుకునే ఆటకు అది తగిన పద్ధతి; ముందే గీసిపెట్టిన మ్యాపులో నడిచే ఆటకు దాన్ని తెచ్చుకోవడం వృథా శ్రమ.

ఇతర పాత్రలకు దారి వెతికే భాగంలో కూడా ఈ ఎత్తు సంఖ్య అవసరమే. 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు చెందిన హార్ట్, నిల్సన్, రాఫెల్ ప్రచురించిన ఏ-స్టార్ పద్ధతి చూసిన చోట్లను గుర్తుపెట్టుకుంటూ, గమ్యానికి అతి తక్కువ ఖర్చుతో చేర్చే దారిని కనుగొంటుంది. ఆ గుర్తును అడ్డు, నిలువు సంఖ్యలతోనే పెడితే, కిందుగా వెతుకుతూ వంతెన గడిని తాకిన క్షణమే దాన్ని చూసేసినట్లు లెక్కవేసుకొని, పైనుంచి పోయే దారిని పరిశీలించకుండానే వదిలివేయవచ్చు. కాబట్టి చోటు అంటే అడ్డు, నిలువు, ఎత్తు అనే మూడు సంఖ్యలని అక్కడ రాసుకోవాలి. ఆటను భద్రపరిచే ఫైలులో కూడా ఆ మూడూ ఉండాలి. లేకుంటే వంతెన మధ్యలో ఆట ఆపి మరునాడు తెరిచినప్పుడు, పాత్రను పైన నిలపాలో కింద నిలపాలో 15 అని మాత్రమే రాసి ఉన్న ఆ గడిని బట్టి తేల్చడం ప్రోగ్రాముకు సాధ్యం కాదు.